దీవి నుంచి వచ్చిన అత్తరు
మా నాన్న తిరిగొచ్చేనాటికి నాకు తొమ్మిదేళ్లు. నేను అమ్మ కడుపులో ఉండగానే ఆయన యానాంలో ఓడెక్కి, ఆఫ్రికా పక్కనున్న ఫ్రెంచివాళ్ల దీవికి కూలికి వెళ్లాడు. ఆ తర్వాత కబురే లేదు. అమ్మ నాట్లకూ కోతలకూ వెళ్లి నన్నూ, చూపు మందగించిన నాయనమ్మనూ సాకింది.

ఒక మధ్యాహ్నం బక్కపలచని మనిషి ఎవరో రేకుపెట్టె నెత్తిన పెట్టుకుని మా వాకిట్లో నిలబడ్డాడు. నాయనమ్మ అతని మొహమంతా తడిమి బావురుమంది. అమ్మ మాత్రం తలుపు వెనక నుంచి కదల్లేదు. "మీ ఆయనేనా?" అని పొరుగింటి పెద్దమ్మ అడిగితే, "పోలికైతే ఉందక్కా. నాకే తెలియట్లేదు" అంది.

అతను పెట్టెలోంచి వేలెడంత సీసా తీశాడు. దీవిలో తెల్లవారుజామునే పూలు కోసి, రాగి బానల్లో నీళ్లతో మరిగించి, ఆ ఆవిరిని చల్లార్చి తీసిన అత్తరట. బిరడా కాస్త వదులు చేసేసరికి ఇల్లంతా వాసన. మనోరంజితం లాంటిదే, కానీ గొంతుకు అడ్డం పడేంత తీపి. నాకు తల తిరిగినట్టయింది.

ఆ సాయంత్రం పెద్దమ్మ అమ్మను దడి పక్కకు పిలిచింది. "ఆ సీసా దగ్గరకి పిల్లని రానీకు. ఓడల ఏజెంట్లు అలాంటిదే వాసన చూపించి, మత్తులో ఉండగా ఓడెక్కించేత్తారంట. పెళ్లాం పిల్లల్ని తెత్తామని ఒప్పుకున్నోళ్లనే ఎనక్కి పంపుతున్నారంట."

నేను గడ్డిమేటు చాటున ఉన్నానని వాళ్లకు తెలియదు. అప్పటినుంచి అతను ఎదురుపడితే ముక్కు మూసుకునేదాన్ని.

అతను రోజూ ఆ సీసా పట్టుకుని రేవు వైపు వెళ్లేవాడు, దాన్ని అలాగే పట్టుకుని తిరిగొచ్చేవాడు. మూడోనాడు అమ్మతో అన్నాడు: "రేపు పొద్దున్నే యానాం ఎల్దాం. పిల్లనీ తీసుకురా."

"ఎందుకండీ?"

"ఎల్లాక చెబుతాను."

అమ్మ రానంటే నాయనమ్మ ఊరుకోలేదు. తెల్లారి అమ్మ కోత కొడవలి చీర మడతల్లో దోపుకుని నా చెయ్యి పట్టుకుంది. పడవలో ఆ పట్టు ఒక్కసారి కూడా వదల్లేదు. అవతలి ఒడ్డున ఓడల తెరచాప కొయ్యలు కనిపించగానే అమ్మ వెనక నక్కాను. ఊపిరి బిగబట్టి, ఆగలేక పీల్చి, మళ్లీ బిగబట్టాను. మత్తు ఎక్కుతోందా అని నన్ను నేనే గిల్లి చూసుకున్నాను.

ఒడ్డు దిగాక అతను ఓడల వైపు వెళ్లలేదు. సందుల్లోంచి తీసుకెళ్లి ఒక పూరిగుడిసె ముందు ఆగిపోయాడు. తలుపు దాకా వెళ్లి, పిలవకుండానే వెనక్కి వచ్చేశాడు.

"ఈ సీసా నా పక్క బాన దగ్గర పనిచేసినోడిది. జొరంతో పోయాడు. ఇక్కడుండే వాళ్లమ్మకి ఇమ్మన్నాడు. మూడు రోజుల్నించీ పడవెక్కలేక తిరిగొత్తన్నాను. ఒక్కణ్నీ ఆవిడ ముందు నిలబడలేనే" అన్నాడు అమ్మతో.

ఇంతలో ఒక ముసలావిడ బయటికొచ్చింది. "దీవి నుంచా బాబూ? మావోడు ఎనకాల వత్తన్నాడా?"

అతను అమ్మ వైపు చూశాడు. అమ్మ నా చెయ్యి వదిలి, అతని చేతిలోంచి సీసా తీసుకుంది. వెళ్లి ఆవిడ పక్కన నేలమీద కూర్చుంది. "అత్తా, మీ అబ్బాయి రాలేదు. ఇది పంపాడు" అని, మిగతాది మెల్లగా చెప్పింది.

ఆవిడ వెంటనే ఏడవలేదు. బిరడా తీయించుకుని చాలాసేపు వాసన చూసింది. "ఏం పువ్వు బాబూ ఇది?" అని అడిగింది.

"పచ్చగా ఉంటాదమ్మా. పీతకాళ్లలాగా పొడుగాటి రేకులు కిందికి వేలాడతాయి. చెట్టెక్కి కోయాలి. మీవోడు కోసినంత జోరుగా ఎవరూ కోసేవోళ్లు కాదు" అన్నాడు.

అప్పుడు ఏడ్చింది. అమ్మ కూడా ఏడ్చింది. నాకు మాత్రం భయం పూర్తిగా తీరలేదు. ఇంకో పడవెక్కి మా రేవులో దిగేదాకా ఓడల వైపే చూస్తూ కూర్చున్నాను.

ఆయన మళ్లీ ఎక్కడికీ వెళ్లలేదు. కాలవ గట్ల పనికి కుదిరాడు. నేను ఆయన్ని నాన్నా అని పిలవడానికి మాత్రం ఆ ఏటి కోతల దాకా పట్టింది.