స్కాన్ గది ముందు నీళ్ల కొట్లాట

ఎనభైల చివరి ఆ రోజుల్లో మా వరంగల్‌లో ఎవరైనా స్కానింగ్‌కు పోతున్నారంటే ఆ ఇంట్లో త్వరలో ఉయ్యాల కడతారని అర్థం. మగవాడికి స్కానింగ్ ఏమిటని ఎవరైనా నవ్వేవారు, నాతో సహా. అప్పుడు నాకు ఇరవై ఏడేళ్లు. నెక్కొండ నుంచి రోజూ రైల్లో వచ్చి ఒక ఆఫీసులో గుమాస్తాగా పనిచేసేవాడిని. అవమానాలు మరచిపోయే అలవాటు నాకు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. (మా అక్క పెళ్లిలో నా విస్తరిలో లడ్డూ వేయకుండా దాటిపోయిన మనిషి చొక్కా రంగు నేటికీ చెప్పగలను.)

అలాంటి నాకు భగందరం వచ్చింది. మలద్వారం పక్కన గడ్డ లేచి, పగిలి, చీము కారి, మానినట్టే మాని మళ్లీ లేచే జబ్బు. రెండుసార్లు కోశారు, రెండుసార్లూ తిరిగి వచ్చింది. కోసిన సర్జన్ రెండోసారి కట్టు విప్పుతూ, "మళ్లీ కోస్తే కండరం తెగొచ్చు. తెగితే ఆపుకునుడు ఇంక నీ చేతుల ఉండదు. జిందగీ అంతా గుడ్డ కట్టుకోవాలె" అన్నాడు, సాయంత్రం వాన పడేటట్టుంది అన్నంత మామూలుగా. ఆ మాట విన్న నాటి నుంచి నాకు అన్నం సహించలేదు. రైల్లో సీటు దొరికినా నిలబడే వచ్చేవాడిని. గుడ్డ కట్టుకుని ఆఫీసుకు పోతున్న నన్ను నేను ఊహించుకుని, ఎవరెవరు నవ్వుతారో వాళ్లందరిమీదా ముందే కోపం తెచ్చుకునేవాడిని.

మా బావ (అక్క భర్త, స్టేషన్ ఘన్‌పూర్‌లో ఎరువుల దుకాణం) ఒకరోజు వార్త మోసుకొచ్చాడు. హనుమకొండలో ఒక డాక్టరమ్మ కొత్త మిషన్ తెప్పించిందట, లోపలి నుంచే బొమ్మ చూస్తుందట.

"లోపలి నుంచి అంటే ఎటునుంచి బావా?"

"ఎటునుంచి అంటే... నొప్పి ఎటుందో అటునుంచే. ఫికర్ చెయ్యకు బామ్మర్దీ, నేను పక్కనే ఉంట."

"నువ్వు పక్కనుండుడే నా ఫికర్" అన్నాను.

వెళ్లిన రోజు పొద్దున్నే సిస్టర్ ఎనిమా ఇచ్చి కడుపు ఖాళీ చేయించి, స్కాన్ గది ముందు బెంచీ మీద కూర్చోమంది. అక్కడ నాకంటే ముందు ఆరుగురు గర్భిణులు. కూతురిని తీసుకొచ్చిన ఒక పెద్దమ్మ నన్ను కిందికీ మీదికీ చూసి, "ఏం తమ్మీ, నీ పెండ్లాం ఏది?" అంది. స్కాన్ నాకేనన్నాను. "నీకా! ఎన్నో నెల?" అంది. బెంచీ అంతా నవ్వింది. మా బావ కూడా నవ్వాడు. (అది వేరే లెక్క.)

అంతలో ఆయమ్మ నీళ్ల కూజాలతో వచ్చింది. "మొత్తం తాగుండ్రి, ఒంటికి పోకుండ్రి" అంటూ ఒక్కొక్కరికీ ఒక్కో కూజా ఇచ్చి, నన్ను దాటిపోయింది. (మూత్రం ఆపుకుంటేనే కడుపులో బిడ్డ బొమ్మ తేటగా కనిపిస్తుందట.)

"నాకేదీ?"

"నీకు లేదన్నా. నీ స్కాన్ వేరే."

"వేరైతే నేను పేషెంటును కానా? ఆరుగురికిచ్చి నన్నొక్కన్నే దాటినవ్. మగోనికి నీళ్లియ్యొద్దని ఎక్కడ రాసుంది, చూపియ్యి!"

ఆమె విసిగిపోయి ఒక కూజా నా చేతిలో పెట్టింది. "తాగు నాయనా, తాగి సల్లగుండు." ఆమె కళ్లలోకి చూస్తూ చివరి చుక్కదాకా తాగాను. మా బావ నిట్టూర్చాడు. "గెలిచినవ్ బామ్మర్దీ. ఏం గెలిచినవో జర ఆలోచించు."

ఆలోచించే అవకాశం లోపల దొరికింది. ఎడమవైపు తిప్పి, మోకాళ్లు ఛాతీకి ఆనించి పడుకోబెట్టారు. సిస్టర్ కుటుంబ నియంత్రణ వాళ్ల ఎర్ర త్రికోణం బొమ్మ ఉన్న పాకెట్ చింపి, అందులోని తొడుగును వేలంత గొట్టానికి తొడుగుతుంటే నేను మంచం దిగబోయాను. డాక్టరమ్మ భుజం మీద చెయ్యి వేసి ఆపింది. "భయపడకు. ముసలోళ్ల ప్రోస్టేట్ గ్రంథి దీంతోనే చూస్తం. పేగుల గడ్డ ఉంటే గోడలకు ఎంత దిగిందో దీంతోనే తెలుస్తది. నీ చీము దారి, నీ కండరం కూడా కనవడుతయి." గొట్టం లోపలికి వెళ్లింది. నొప్పి లేదు. కానీ కూజాడు నీళ్లు ఒక్కసారిగా తమ సంగతి గుర్తు చేశాయి.

"మేడం, ఒక్క నిమిషం..." అని పరిగెత్తాను. వచ్చి పడుకున్నాక మళ్లీ పరిగెత్తాను. మూడోసారి ఆమె కళ్లద్దాలు తీసింది. "నిన్ను నీళ్లు తాగుమన్నదెవరు?" నేను గోడవైపు చూశాను. తలుపు దగ్గరి నుంచి ఆయమ్మ, "కొట్లాడి తాగిండు మేడం" అంది.

వేరే డాక్టరైతే రేపు రమ్మని పంపేసేవారు. ఈమె నవ్వి, గొట్టం మళ్లీ పెట్టి, కుర్చీ దగ్గరికి జరుపుకుని, మొదటి నుంచి చెప్పమంది. అడగడమే ఆలస్యం, నా ఫిర్యాదులన్నీ విప్పాను. కుడివైపే కోశారనీ, ఎడమపక్క లోతుగా సలుపుతోందని నాలుగుసార్లు చెప్పినా సర్జన్ "అది నీ మనసుల ఉంది" అన్నాడనీ, ఆ మాట అన్నప్పుడు ఆయన పల్లీలు తింటున్నాడనీ చెప్పాను. పల్లీల మాట దగ్గరికి వచ్చేసరికి ఆమె గొట్టాన్ని మెల్లగా ఎడమకు తిప్పింది. తెరమీద నల్లటి మచ్చ తేలింది.

"నీ మనసుల కాదు. ఇగో, ఈడ ఉంది చీము" అంది. తర్వాత తెరకేసి చూస్తూనే ఇంకా మెల్లగా, "కండరం బాగనే ఉంది. దారి దాని పక్కపొంటే పోయింది. చూసుకుంట కోస్తే తెగదు."

నా జీవితంలో నా గోడును చివరిదాకా విన్న మొదటి మనిషి ఆమె. ఆ రోజే తెర చూస్తూ సూదితో చీము లాగేసింది. పదిహేను రోజుల తర్వాత తనకు తెలిసిన సర్జన్‌తో ఆపరేషన్ చేయించి, ఆయన కత్తి పట్టినంతసేపూ ఆ బొమ్మ పట్టుకుని పక్కనే నిలబడింది.

అసలు పరీక్ష ఆపరేషన్ అయిన మూడో రోజు మధ్యాహ్నం వచ్చింది. కడుపులో గ్యాస్ కదిలింది. ఆపగలనా? పిడికిళ్లు బిగించాను, ఊపిరి బిగబట్టాను. వార్డంతా నన్నే చూస్తోంది.

"ఆగిందా అన్నా?" అంది సిస్టర్.

"ఆగింది సిస్టర్."

"ప్రభువుకు స్తోత్రం!" అని ఆమె చప్పట్లు కొట్టింది. మా బావ గోడవైపు తిరిగి తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు. (ఆయన లెక్క ఆ క్షణమే కొట్టేశాను.)

అరవై దాటిన ఈ వయసులో, ప్రపంచాన్ని జయించినవాడిలా ఇనుప మంచం మీద వెల్లకిలా పడుకున్న ఆ మొండివాణ్ని తలచుకుంటే నవ్వొస్తుంది, కళ్లూ చెమరుస్తాయి. ఆ రోజు వార్డులోకి అన్నం గంట ఆలస్యంగా వచ్చింది, పప్పులో ఉప్పు కూడా లేదు. నేను ఎవరినీ ఏమీ అనలేదు.