కనకమ్మ బండి దగ్గర నేను చెప్పిన మాట

దసరా వెళ్ళిన ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంటా పదికి ఉయ్యూరులో బెజవాడ బస్సెక్కాను. కిటికీ పక్క సీటు దొరికింది. ఈ ప్రయాణానికి కారణం పేపర్లో పడ్డ నాలుగు లైన్ల వార్త. వన్‌టౌన్ పాత మార్కెట్లో ప్రతి ఆదివారం మూడింటికి తిండి నడక, వెంట ఉండి చూపించేది భవానీపురం ఖాదర్, మనిషికి అరవై రూపాయలు, తినేవన్నీ అందులోనే.

ఖాదరూ నేనూ ఒకప్పుడు ఆ మార్కెట్లో ఒకే మిర్చి కొట్లో గుమాస్తాలం. ఏ సందులో ఏది తినాలో అతనికి చూపించింది నేను. ఉయ్యూరు వచ్చేశాక ఊళ్ళు తిరిగి ఇలాంటి తిండి వ్యాసాలు రాస్తున్నాను గానీ, వన్‌టౌన్ గురించి ఒక్క ముక్కా రాయలేదు. అది నాదేగా, ఎప్పుడైనా రాయొచ్చనుకున్నాను. వార్త చదివి మా ఆవిడ, "మీరు ఆయనొక్కణ్ణి తిప్పారు. ఆయన ఊరందర్నీ తిప్పుతున్నాడు" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. తప్పులు పట్టడానికే బయల్దేరాను.

కంకిపాడులో ఎక్కిన పెద్దాయన ఎందాకా అని అడిగితే సంగతి చెప్పాను. "నడవడానికి డబ్బులా? మా డాక్టరు ఊరికే నడవమంటున్నాడండీ" అన్నాడు. ఆ మాట నాకు చాలా తృప్తినిచ్చింది.

రెండున్నరకి బస్టాండులో దిగి, రిక్షాలో మార్కెట్ గేటు చేరాను. తొమ్మిదిమందిమి పోగయ్యాం. ఖాదర్ నన్ను చూసి పరుగున వచ్చి రెండు చేతులూ పట్టుకున్నాడు.

"అన్నయ్యా, సమయానికి వచ్చారు. ఆ నోటుబుక్కు పట్టుకున్నావిడది హైదరాబాదులో టూర్ల ఆఫీసు. నచ్చితే నెలనెలా మనుషుల్ని పంపిస్తారట. అదే జరిగితే కొట్లో పని మానేసి ఇదే చేసుకుంటాను."

"మంచిదే" అన్నాను.

"మామూలుగా ఏ బండి దగ్గరైనా నేను రుచి చూశాకే జనానికి పెట్టిస్తాను. ఇవాళ రోజా ఉన్నాను కదా, ఆ పని మీరు చేయాలి. మీ నాలుక తెలియనిదా నాకు."

మొదట నేతి కొట్టు. చేతి వెనక చుక్క నెయ్యి రాసి, రుద్ది, వాసన చూడమన్నాడు ఖాదర్. అది నేను నేర్పిందే. జనం చిన్నపిల్లల్లా రుద్దుకుని వాసన చూసుకున్నారు. తర్వాత బెల్లం కొట్టు, నిమ్మకాయ సోడా. పొద్దున్నుంచీ మంచినీళ్ళు కూడా ముట్టని మనిషి, సోడా గొంతులో ఎలా దిగాలో చెప్తుంటే అందరూ నవ్వుతున్నారు. ఆవిడ నోటుబుక్కు నిండుతోంది. ఆ పేజీలు నావి అనిపించింది. మిర్చి దుమ్ము పడ్డట్టు కళ్ళు మండాయి.

నాలుగింటికి కనకమ్మ బండి. ముప్పయ్యేళ్ళుగా అక్కడే పునుగులు వేస్తోంది. పునుగులకన్నా ఆమె అల్లం పచ్చడికే పేరు. ఖాదర్ ఆకు దొప్ప నా చేతికిచ్చాడు. నోట్లో పెట్టుకోగానే తెలిసింది, పచ్చడిలో ఉప్పు రెండుసార్లు పడింది. నాలుక ముడుచుకుపోయింది.

"ఎలా ఉందన్నయ్యా?"

"సరిపోయింది" అన్నాను.

ఖాదర్ అందరికీ పెట్టించాడు. ఒకాయన పక్కకి తిరిగి ఉమ్మాడు. హైదరాబాదావిడ దొప్ప కింద పెట్టి, నీళ్ళు తాగి, నోటుబుక్కు మూసేసింది. కనకమ్మ వేలితో నాకి చూసి తెల్లబోయింది. కోడలు వేసిన సంగతి తెలీక తనూ వేసిందట.

"తప్పు నాదండీ, రుచి చూడకుండా పెట్టించాను" అన్నాడు ఖాదర్ అందరితో. నా పేరు ఎత్తలేదు.

అయిదున్నరకల్లా నడక ముగిసింది. ఆవిడ "ఫోన్ చేస్తామండీ" అని స్టేషన్‌కి వెళ్ళిపోయింది. మసీదు పక్కన రోజా విడిచే వేళ, ఖాదర్ ఖర్జూరం నా చేతిలో పెట్టి మెల్లగా అడిగాడు.

"అన్నయ్యా, షుగరేమైనా వచ్చిందా? మా మామకి ఇలాగే రుచి తెలియడం మానేసింది. ఒకసారి పరీక్ష చేయించుకోండి."

నా మీద అతనికి వచ్చిన అనుమానం అదొక్కటే. షుగరనే చెప్పుకుని బస్సెక్కేయొచ్చు. ఒక్క క్షణం అదే చేద్దామనుకున్నాను కూడా.

"తెలిసే చెప్పాను ఖాదర్. నిన్ను చూసి ఓర్వలేకపోయాను."

అతను ఖర్జూరం గింజ చేతిలోకి తీసుకుని కాగితంలో చుట్టాడు. "ముందు కనకమ్మకి చెప్పండి. ముప్పయ్యేళ్ళ పేరు ఆమెది. నా సంగతి తర్వాత" అన్నాడు.

వెళ్ళి చెప్పాను. కనకమ్మ మూకుడు మీంచి చూపు తిప్పలేదు. "ఇందాకట్నుంచీ నా చేతిని నేనే తిట్టుకుంటున్నాను బాబూ. పాపం నా కోడల్ని కూడా తిట్టాను." గిన్నెలో మిగిలిన పచ్చడంతా కవర్లో కట్టి నా ముందు పెట్టింది. "మీకు సరిపోయిందన్నారుగా. పట్టుకెళ్ళండి."

ఏడింటి బస్సులో ఆ కవరు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. తర్వాత హైదరాబాదావిడకి జరిగింది జరిగినట్టు ఉత్తరం రాశాను. జవాబు లేదు, ఖాదర్‌కి ఫోనూ రాలేదు. అతనింకా మిర్చి కొట్లోనే ఉన్నాడు, ఆదివారాలు మాత్రం మార్కెట్ గేటు దగ్గర నిలబడుతున్నాడు. మీరు వెళ్ళండి. ఆ వీధుల్ని నాకన్నా బాగా చూపిస్తాడు. ఈ మాట రాయడానికి నాకు ఆ పచ్చడి అయిపోయేంత కాలం పట్టింది. రోజూ అన్నంలో కొంచెం కొంచెం కలుపుకుని తిన్నాను. మా ఆవిణ్ణి ముట్టుకోనివ్వలేదు.