చప్పట్లకు వదిలిన జాగా

2001లో నిజామాబాద్‌లో, బోధన్ రోడ్డు మీద ఒక టైర్ల దుకాణం పైన నా రికార్డింగ్ స్టూడియో ఉండేది. స్టూడియో అనగానే పెద్దగా ఊహించుకోకండి. గోడలకు గోనెసంచులు, వాటి మీద పాత దుప్పట్లు, ఒక మైకు, ఒక కంప్యూటర్. కింద ఎవడైనా సుత్తి ఎత్తితే పైన టేక్ పోయినట్టే. భజనలు, ఎన్నికల పాటలు, బావామరదళ్ల పాటలు, ఏది తెచ్చినా రికార్డు చేసేవాణ్ణి.

సాయిలు ర్యాప్ తెచ్చాడు. బోధన్‌లో చెరకు ట్రాలీలకు వెల్డింగ్ చేసేవాడు, పాతికేళ్లుంటాయి. టీవీలో చూసి సొంతంగా నేర్చుకున్నాడు. "దీనికి రాగం అక్కర్లేదన్నా, కోపం ఉంటే సాలు" అన్నాడు వచ్చిన రోజే.

ఆ కోపం ఎవరి మీదో పాటలోనే ఉంది. వాడి తల్లి గంగామణి బీడీలు చుట్టేది. బీడీలు పరీక్షించి తీసుకునేవాణ్ణి చెకర్ అంటారు. ఆ చెకర్ రోజూ కొన్ని బాగాలేవని పక్కకు తోసేవాడు. వాటికి కూలి ఉండదు, తిరిగి ఇవ్వరు కూడా. బాగాలేని బీడీలు కంపెనీకి ఎందుకో ఎవరూ అడగలేదు. ఒకరోజు గంగామణి అడిగింది: "గిది బీడీ కాదా సారూ?" చెకర్ నవ్వాడట. ఆ ఒక్క ప్రశ్న చుట్టూ సాయిలు పాటంతా అల్లాడు. నలుగురూ పాడితే చెకర్‌కు సిగ్గన్నా రాదా అని వాడి ఆశ.

బీట్ కూడా ఆ పనిలోంచే తీశాడు. తునికాకు కోసే కత్తెర చప్పుడు, చాట మీద వేళ్ల దరువు. అసలు ప్రశ్న మాత్రం తల్లి గొంతులోనే ఉండాలని పట్టుబట్టి ఆమెను ఆటోలో తీసుకొచ్చాడు. ఆమె మైకును చూసి ఇంత దూరం జరిగి కూర్చుంది.

"నా పేరు ఏడ ఎయ్యకు బిడ్డా. రేపు ఆకు ఇయ్యరు" అంది కొడుకుతో. ఆకు, తంబాకు ఇచ్చేది కంపెనీయే. అవి ఆగితే పొయ్యి కూడా ఆగుతుంది.

"పేరు ఎయ్యనే అవ్వా. గొంతును ఎవరు గుర్తువడ్తరు?" అన్నాడు సాయిలు.

ఆమె ఒక్కసారే చెప్పింది. రెండో టేక్ అవసరం రాలేదు. నా స్టూడియోలో అంత నిజంగా పలికిన మాట అంతకుముందు నేను వినలేదు.

అప్పుడు నరహరి సేఠ్ వచ్చాడు. క్యాసెట్లు వేయించి ఊరూరా పంపేది ఆయనే. కళ్లు మూసుకుని పాటంతా విన్నాడు.

"బీట్ జబర్దస్త్ ఉంది. కోపమే ఎక్కువైంది. చెరుకు ట్రాక్టర్లోళ్లు ఫ్యాక్టరీ ముంగట లైన్ల నిలవడి ఇంటరు. ఆళ్ల కష్టం ఆళ్లకే సాలు, నీ కష్టం గూడ ఇనాల్నా?" అన్నాడు. బి సైడు చివర పెడతానన్నాడు. క్యాసెట్ ఆ చివరకు చేరేలోపే జనం తిప్పేస్తారు. మా లైన్‌లో అది పాటలను పాతిపెట్టే చోటు.

సాయిలు ఒప్పుకోలేదు. బేరం నడిచింది. చివరకు సేఠ్ దారికొచ్చినట్టే వచ్చి ఒక్క షరతు పెట్టాడు. "'ఏ' సైడు ముంగటనే పెడ్త. గని ఆమె మాట అంత జల్ది పోవద్దు. గిది బీడీ, కాదా, సారూ. నడుమ నడుమ జాగా ఇడువు. జనం సప్పట్లు కొట్టాలె. సప్పట్లు కొట్టిన పాట నోట్ల నిలుస్తది."

సాయిలు నా వైపు తిరిగాడు. "సప్పట్ల కోసం వచ్చినోడు మాట గూడ ఇంటడు గదన్నా?"

"ఇంటే మంచిదే" అన్నాను.

గంగామణిని మళ్లీ కూర్చోబెట్టాం. మాట మాటకూ ఆగమంటే ఆమెకు విసుగొచ్చింది. "అడిగితే ఒక్కపారి అడుగుతం. గిట్ల ముక్కలు ముక్కలు ఎవరన్న అడుగుతరా బిడ్డా?" అంది. కొడుకు బతిమాలితే ఆగి ఆగి చెప్పింది. ఆమె మాటల నడుమ మేం చప్పట్లు కలిపాం. తర్వాత సేఠ్ మల్టీట్రాక్ పట్టుకుపోయాడు. గొంతులు, వాయిద్యాలు దేనికది విడిగా ఉండేదాన్ని మల్టీట్రాక్ అంటారు. ఏ ముక్కనైనా తీసేయొచ్చు, ఎక్కడైనా పెట్టుకోవచ్చు.

క్యాసెట్ ఆడింది. ఆటోల్లో అదే, చెరకు ట్రాక్టర్లలో అదే. పెళ్లి ఊరేగింపుల్లో బ్యాండ్ వాళ్లు ఆ దరువు అందుకుంటే పిల్లలు సరిగ్గా ఆ జాగాల్లోనే చప్పట్లు కొట్టేవాళ్లు. చెకర్ సంగతేమిటని మాత్రం ఒక్కడూ అడగలేదు. "ముందు నోట్లకు ఎక్కనియ్యన్నా, మనసులకు ఎన్కనన్న పోతది" అనేవాడు సాయిలు. పాపం, నమ్మాడు.

ఆ కార్తీకంలో భీమ్‌గల్ జాతరకు వెళ్లాను. గుట్ట కింద గంగామణి చుట్టే బీడీల కంపెనీ ప్రచార జీపు నిలబడి ఉంది. మైకులో కత్తెర చప్పుడు, చాట దరువు. మన పాటే కదా అని సంతోషంగా దగ్గరికి వెళ్లాను. సాయిలు గొంతు లేదు. ఎవరో మగమనిషి బీడీ పేరు చెప్పి ఊదరగొడుతున్నాడు. ఆ వెంటనే గంగామణి గొంతు: "గిది బీడీ... సారూ."

'కాదా' లేదు. అది ఉండాల్సిన చోట ఒక చప్పట్ల దెబ్బ ఉంది. మాటలు కలిసి ఉంటే కోసిన చోట గరుకు తగిలేది. ఆ జాగా మేమే చక్కగా వదిలిపెట్టి ఉంచాం కాబట్టి కోత నా చెవికి కూడా తెలియలేదు. తిరిగి రాగానే సాయిలును వెంటబెట్టుకుని సేఠ్ దుకాణానికి వెళ్లాను.

సేఠ్ తొణకలేదు. "మాస్టర్ కాపీ నా తాన ఉంది, పాట నాది, కంపెనీకి అమ్ముకున్న. ఆమెను తిట్టినమా? ఆమె గొంతు జిల్లంత మోగుతుంది, ఖుష్ కావాలె" అన్నాడు. సాయిలు అతని దుకాణం ముందు గొంతు పోయేదాకా అరిచాడు. పక్క దుకాణాల వాళ్లు చూసి నవ్వుకున్నారు.

గొంతును ఎవరు గుర్తుపడతారన్నాడు కదా. పక్కన కూర్చుని బీడీలు చుట్టేవాళ్లు గుర్తుపట్టారు. కంపెనీకి అమ్ముడుపోయిందని గంగామణి పక్కనుంచి చాటలు జరుపుకున్నారు. చెకర్ మాత్రం బీడీలు పక్కకు తోస్తూ ఆ పాటే కూనిరాగం తీసేవాడట. సాయిలు మళ్లీ మైకు ముందుకు రాలేదు. కోపమంతా ఇనుము మీద పెట్టుకున్నాడు.

కొన్నాళ్లకు గంగామణి ఒక్కతే నా మెట్లెక్కి వచ్చింది.

"బిడ్డా, నేను ముందుగల్ల చెప్పింది నీ కంపూటర్ల ఉన్నదా?"

ఉంది. మొదటి టేక్ వేశాను. గిది బీడీ కాదా సారూ. ఆమె చెంగు నోటికి అడ్డం పెట్టుకుని వింది.

"గదే. నేను అడిగిన. మంచిగున్నదని చెప్పలే" అంది. "దీన్ని ఆ జీపుల ఎయ్యొస్తదా?" అని అడిగింది.

"రాదవ్వా" అన్నాను. ఆమె కొంగు సర్దుకుని మెట్లు దిగి వెళ్లిపోయింది.

ఇప్పటికీ ర్యాప్ పాడతామని కుర్రాళ్లు వస్తుంటారు. జనానికి నచ్చాలి, నిజమూ చెప్పాలి, రెండూ ఎట్లా సార్ అని అడుగుతారు. నాకు తెలిసింది ఒక్కటే. బీట్ ఎంత తియ్యగానైనా పెట్టుకోండి, అడగాల్సిన మాట మాత్రం ఒక్క ఊపిరిలో అడిగేయండి, నడుమ జాగా వదలకండి. చప్పట్లు కొట్టేవాడు పాట అయిపోయాక కొట్టుకుంటాడు.