నీళ్ల కింది ఇల్లు

ఈ ఉదయం పదిన్నరకు మా వీధిలో ముంజల బండి ఆగింది. నంద్యాలలో ఎండలు ముదిరితే చాలు, ఎక్కడి నుంచి తెస్తారో గాని ఈ బండ్లు వస్తాయి. గేటు దగ్గర నన్ను చూసి బండాయన ఆకులు కప్పిన గంప మీద చేయి వేశాడు. "లేతవి, పెద్దాయనా. మీకని పక్కన పెట్టినా" అన్నాడు. వద్దన్నాను. "ఏందప్పా, పోయిన ఏడు వారం వారం తీస్కుంటిరి గదా, ఇప్పుడేమాయె?" అని నవ్వాడు. లోపలికి వచ్చి తలుపు వేసుకున్నాను. డైరీ తీసి "ముంజల బండి వచ్చింది, తీసుకోలేదు" అని రాశాను. రాయవలసినంత సంగతి కాదది. అయినా రాశాను. తరువాత బీరువాలో పోయిన ఏటి డైరీ పక్కనున్న రెండు నోటు పుస్తకాలు బయటికి తీశాను. ఒకదాని అట్ట మీద "నీళ్లు" అని ఉంది, రెండోదాని మీద "సముద్రం" అని. రెండూ నా దస్తూరీయే.

నేను కేసీ కాలువ మీద గేజీ చదివే ఉద్యోగం చేసి రిటైరైన వాణ్ణి. ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి గట్టు దిగి, రాతి మీది అంకెల దగ్గర నీరు ఎక్కడ నిలిచిందో చూసి రిజిస్టరులో ఎక్కించడం నా పని. వానొచ్చినా, ఇంట్లో పెళ్లయినా గేజీ గేజీయే. ఆ అలవాటు ఇంట్లోకి కూడా వచ్చింది. పాలు ఎన్ని గంటలకు పొంగాయో కూడా రాస్తానని నా భార్య బతికున్న రోజుల్లో అందరికీ చెప్పి నవ్వేది. ఆమె పోయాక ఇంట్లో నవ్వేవాళ్లు లేక రాత ఇంకా పెరిగింది.

ఆ ఖాళీ ఇంటికి నా మేనల్లుడు వచ్చాడు. మా అక్కకు ఒక్కడే కొడుకు, నలభై దాటినా పెళ్లి చేసుకోలేదు. ఆళ్లగడ్డలో రాతి శిల్పాలు చెక్కే షెడ్డులో కంప్యూటరు మీద బొమ్మలు గీసేవాడు. అక్క ఆదివారం తప్పకుండా చర్చికి పోయే మనిషి, వీడు వారమంతా దేవుళ్ల కిరీటాలు, నెమలి పింఛాలు గీసే మనిషి. "యా దేవుడైనా కూలి ఇస్తాండాడు గదమ్మా" అని ఆమెను ఏడిపించేవాడు. వాడికి మూత్రపిండాలు రెండూ చెడిపోయాయి. సోమ, బుధ, శుక్రవారాలు నంద్యాలలో డయాలసిస్. ఆళ్లగడ్డ నుంచి బస్సులో వచ్చి, రక్తం కడిగించుకుని, మళ్లీ బస్సులో పోయేసరికి మనిషి పిండిన గుడ్డలాగా అయ్యేవాడు. అందుకని కంప్యూటరుతో సహా మా ముందు గదిలోకి తెచ్చి పెట్టుకున్నాను. దించి పోయే రోజు అక్క నాతో ఒక్క మాటే అన్నది: "వాడు నీళ్లకు ఆగలేడప్పా. నువ్వు సూస్కోవాల."

ఆ జబ్బులో నీళ్లే శత్రువు. తాగినది బయటికి పోయే దారి లేదు, కాలికీ ముఖానికీ వాపు వస్తుంది, ఎక్కువైతే ఊపిరితిత్తుల్లో చేరుతుంది. డాక్టరు ఒక కొలత చెప్పాడు. నేను గాజు సీసా ఒకటి తీసుకుని, దాని మీద ఎర్ర పెయింటుతో గేజీ మాదిరి గీతలు గీశాను. ఉదయం నింపి పెట్టేవాణ్ణి, గుక్క తాగినప్పుడల్లా గీత చూసి పుస్తకంలో ఎక్కించేవాణ్ణి. వాడు సీసాను వెలుగుకు ఎత్తి చూసి, "మామా, కాలువ అయిపోయిందని నన్ను ఆయకట్టు కింద రాస్కున్నెవా?" అనేవాడు. నవ్వుతూనే పెదవులు నాలుకతో తడుపుకునేవాడు. నంద్యాల ఎండల్లో ఆ పెదవులు చూడడం కష్టం.

వాడి కాలక్షేపం ఒక కంప్యూటరు ఆట. ఏదో వేరే లోకంలో ఆకాశ నౌక కూలి, ఒక మనిషి ఒంటరిగా సముద్రంలో పడతాడు. మునిగి తేలుతూ సామాను ఏరుకుని, నీళ్ల అడుగున చిన్న ఇల్లు కట్టుకుని, బతకాలి. గెలవడం అంటే అంతే, బతకడం. మొదట నాకు ఒళ్లు మండింది. గుక్క నీళ్లకు గీత గీసుకున్నవాడికి సముద్రంతో ఆటేమిటి అన్నాను. "వాడూ నా మాదిరోడే మామా. సుట్టూ నీళ్లుండాయి, తాగేకి మాత్రం ల్యావు" అన్నాడు. నిజమే, అది ఉప్పు నీరు. ఆ మనిషికి దాహమైతే గుండ్రంగా తిత్తిలాంటి చేప ఒకటుంది, దాన్ని పట్టి అందులోంచి నీళ్లు తీయాలి. చేపలో నీళ్లేమిటని అడిగాను. "యాడ దాక్కొని ఉంటాయో మనమే కనుక్కోవాల" అన్నాడు. అది సముద్రం పుస్తకంలో మొదటి పేజీలోనే రాసుకున్నాను. ఈ ఉదయం ఆ వాక్యం చూశాను. చక్కగా, గుండ్రని అక్షరాలతో ఉంది.

ఆ ఆటలో పగలు ఎంత అందమో రాత్రి అంత భయం. మన పావుగంట గడిచేసరికి అక్కడ పొద్దు గూకుతుంది. చీకటి పడ్డాక ఎక్కడో దూరంగా ఒక పెద్ద జంతువు అరుస్తుంది, కనిపించదు. వాడు గీతల మనిషి, అందం కనిపిస్తే ఆగిపోతాడు. మూడుసార్లు ఆ జంతువు నోట్లో పడ్డాడు. అప్పుడు నేను కుర్చీ దగ్గరికి జరుపుకుని, చేతి గడియారం విప్పి బల్ల మీద పెట్టాను. పొద్దు ఎప్పుడు వాలుతుందో నాలుగు రోజులు రాసి చూస్తే లెక్క తేలింది. నీటి పైభాగం రాగి రంగుకు తిరిగితే చేతిలో ఏమున్నా వదిలి ఇంటిదారి పట్టాలి. వీపు మీది సిలిండరులో గాలి సగం అయ్యేదాకానే ముందుకు, మిగతా సగం వెనక్కి రావడానికి. అరుపు వినిపిస్తే తిరిగి చూడకూడదు. ఇంట్లో దూరి మంచమెక్కి పడుకుంటే రాత్రి ఒక్క రెప్పపాటులో గడిచి తెల్లవారుతుంది. ఆ మంచం సంగతి తెలిసిన రోజు మేమిద్దరం పండగ చేసుకున్నంత పని చేశాం. నా లెక్క మొదలయ్యాక వాడు ఒక్కసారి కూడా చావలేదు. "ఎనక్కి రా, అల్లుడూ, రంగు మారతాంది" అని నేను అరవడం, "వస్తాండా లే మామా, లాకులెత్తే లస్కరు మాదిరి అరుస్తావేం" అని వాడు విసుక్కోవడం. ఆ మాటలు లేక ఇప్పుడు ముందు గది మూగబోయింది.

ముంజలు తెచ్చింది నేనే. ఆదివారాలు వాడికి గడ్డు రోజులు. శుక్రవారం రక్తం కడిగితే మళ్లీ సోమవారం దాకా ఆగాలి. అటువంటి ఒక ఆదివారం పొడిబారిన నోరు చూడలేక నాలుగు ముంజలు ఒలిచి ఇచ్చాను. తినే వస్తువే గాని తాగేది కాదు కదా అనుకున్నాను. వాడు ఒకటి కొరికి, లోపలి నీళ్లు గడ్డం మీద కారితే చేత్తో తుడుచుకుని, చాలాసేపు కళ్లు మూసుకున్నాడు. "ఇవి నీ పుస్తకంలోకి రావు గదా మామా" అన్నాడు. "దీనికి సీసా గీత ఎక్కడుంది" అన్నాను. వాడికి తెలిసే ఉంటుంది. నాకూ తెలిసి ఉండాలి. కాలువ రిజిస్టరులో గట్టులోంచి ఊటగా పోయిన నీటికి వేరే గడి ఉండేది, ముప్పై ఏళ్లు ఆ గడి నింపినవాణ్ణి. నీళ్ల పుస్తకంలో మాత్రం ఆ గడి గీయలేదు.

చివరి ఆదివారం సాయంత్రం ఆటలో పొద్దు వాలింది. ఇంటి గుమ్మం దాకా వచ్చి వాడు ఆగాడు. "మామా, ఒక్క రాత్రి బయటుంటా. చీకట్లో ఆడ చెట్లన్నీ ఎలుగుతాయంట. ఎప్పుడూ సూడల్యా." నేను ఒప్పుకోలేదు. "రేపు చూద్దాం లే. రేపు సోమవారం, రక్తం కడిగినాక ఓపికగా చూద్దువు" అన్నాను. వాడు ఇంట్లో దూరి, ఆటను అక్కడే దాచి, కంప్యూటరు ఆపేశాడు. ఆ ముఖం చూసి నాకే మనసు ఆగలేదు. అడిగింది కాదన్నాను కదా అని, ఆ పూట నాలుగుకు బదులు పన్నెండు ముంజలు ఒలిచి పెట్టాను. అన్నీ తిన్నాడు. పుస్తకంలో ఆ రోజు నీళ్లు డాక్టరు చెప్పిన కొలత కంటే ఒక గీత తక్కువే ఉన్నాయి.

తెల్లవారుజామున దిండుకు ఆనుకుని కూర్చున్నాడు. పడుకోలేకపోయాడు. "గాలి చాల్తాల్యా మామా" అన్నాడు. ఆటో ఎక్కించి ఆసుపత్రికి తీసుకుపోతుంటే నా భుజం మీద తల పెట్టి, ఒక్కొక్క మాటకే ఆయాసపడుతూ, "సగం దాటినాంక గూడా... ముందుకే పోయింటి మామా" అన్నాడు. నవ్వబోయాడో ఏమో, పెదవి కదిలింది. ఆ పెదవి తడిగానే ఉంది. ఆసుపత్రి వాళ్లు చేయగలిగినదంతా చేశారు. ఊపిరితిత్తుల నిండా నీరు చేరిందన్నారు. నిన్న ఎన్ని నీళ్లు తాగాడని అడిగితే నీళ్ల పుస్తకం తీసి చూపించాను. అడిగింది తాగిన నీళ్లే కదా.

ఆళ్లగడ్డలో మట్టి వేసి వచ్చాక అక్క నా రెండు చేతులూ పట్టుకుంది. "నీ పుస్తకం ఉండాది గదా అని నేను నిమ్మళంగా ఉంటినప్పా. సుక్క సుక్కా రాసినావు. దేవుడు పిల్చుకున్న్యాడు, నువ్వేం జేస్తావు" అంది. ఇప్పటికీ చర్చిలో కనపడిన వాళ్లకల్లా ఆ మాటే చెబుతుంది, నా తమ్ముడు వాణ్ణి సుక్క లెక్కన కాపాడినాడు అని. ఆళ్లగడ్డ పోయినప్పుడు నేను పక్కనే నిలబడి వింటాను. ముంజల సంగతి ఆమెకు చెప్పలేదు. చెబితే ఆమెకు మిగిలిన ఆ ఒక్క నిమ్మళమూ పోతుందని నాకు నేను చెప్పుకుంటాను. అది ఆమె కోసమో నా కోసమో ఏ పుస్తకంలోనూ రాయలేదు.

ముంజల బండి పోయాక ఆ రెండు పుస్తకాలనూ ఎదురెదురుగా పెట్టుకుని కూర్చున్నాను. రెండింటిలోనూ ఒక్క కొట్టివేత లేదు. కంప్యూటరు గుడ్డ కప్పి ముందు గదిలోనే ఉంది. అందులో ఆ మనిషి నీళ్ల కింది ఇంట్లో, తలుపు వేసుకుని, క్షేమంగా ఉన్నాడు. బయట నీళ్లు రాగి రంగులో ఉన్నాయి. నేను మళ్లీ తెరిస్తే తప్ప అక్కడ చీకటి పడదు, తెరిచే ధైర్యం నాకు లేదు. ఆ ఇంట్లో మంచమెక్కితే ఎంత పెద్ద రాత్రయినా రెప్పపాటులో దాటిపోయేది. రోజుకొక పేజీ తప్పకుండా రాస్తూనే ఉన్నాను గాని, నాకు ఆ ఆదివారం సాయంత్రం ఇంకా గడవలేదు.