ఎంగిలి వేడి

ఎవరేం చెప్పినా రామబ్రహ్మం గారు అడిగేది ఒకటే: "ఎక్కడ పెట్టి చూశారు?" ఎంత అని అడగరు, ఎప్పుడు అని అడగరు. ఎక్కడో తేలేదాకా మిమ్మల్ని వదలరు.

"ఇవాళ ఎండ నలభై రెండటండీ" అని పక్కింటాయన పాపం మాటవరసకి అన్నాడు.

"ఎక్కడ పెట్టి చూశారండి? విమానాశ్రయంలోనా? అక్కడి ఎండతో మనకేం పని? మా షెడ్డు రేకుల కింద పెట్టి చూడమనండి."

ఆ పక్కింటాయన ఇప్పుడు ఎదురుపడితే నమస్కారం పెట్టి తప్పుకుంటాడు.

రామబ్రహ్మం గారి భార్య వీరలక్ష్మి గారు ఓసారి నూటొక్క జ్వరంతో మూలుగుతుంటే, "చంకలోనా, నాలిక కిందా?" అని అడిగారట. చంకలో అనేసరికి దానికో డిగ్రీ కలిపి, ఆ ఒక్క డిగ్రీ కోసం హడావిడిగా ఆటో పిలిచి ఆస్పత్రికి తీసుకెళ్ళారట. "ఆ ప్రశ్నకి ఒళ్ళు మండింది, ఆటోని చూశాక చల్లారింది" అని ఆవిడే నవ్వుతూ చెబుతారు.

రామబ్రహ్మం గారు మియాపూర్ బస్సు డిపోలో ముప్ఫై ఏళ్ళు ఇంజన్లు విప్పి, రిటైరయ్యాక గోపన్‌పల్లిలో డీజిల్ బళ్ళ షెడ్డు పెట్టుకున్నారు. ప్రశాంత్‌కి ఆయనతో ఏడాది పరిచయం. హైటెక్ సిటీలో ఒక అద్దాల మేడ పదకొండో అంతస్తులో అతని ఆఫీసు. లారీలకు సెన్సర్లు తగిలిస్తారు. బండి ఎంత వేగంగా పోతోంది, ఇంజను వదిలే పొగ ఎంత వేడిగా ఉంది, అన్నీ తెర మీద చూపిస్తారు. "మా ప్రాజెక్టు తొంభై శాతం అయిపోయిందండీ" అని అతను ఒకసారి గొప్పగా చెప్పాడు.

"ఆ తొంభై ఎక్కడ పెట్టి చూశారు బాబూ? మీ మేనేజరు దగ్గరా, లారీ దగ్గరా?"

ప్రశాంత్ నవ్వేశాడు గానీ, మర్నాడు మీటింగులో తొంభై అనడానికి నోరు రాలేదు.

అలాంటి షెడ్డుకి ఒక ఉదయం శ్రీనివాసులు తన టిప్పర్‌ని తోలించుకొచ్చాడు. ఆయనది కడప వైపు. టవర్ల సెల్లార్ల కోసం తవ్విన మట్టిని మోయించడం ఆయన వ్యాపారం. మూడు నెలల్లో ఆ బండికి, ఇంజనులోకి గాలి తోసే టర్బోలు రెండు కాలిపోయాయి, మొన్ననే మూడోది వేయించాడు. వెంట డ్రైవరు సాయిచంద్ ఉన్నాడు, మొహం మాడిపోయి. ఆ బండికి సెన్సర్ తగిలించిన ప్రశాంత్ లాప్‌టాప్ పట్టుకుని ఉన్నాడు, సాక్షిగా.

"సామీ, ఈ పిల్లోడి మెషీను మూడు నెల్లుగా పచ్చగానే చూపిస్తాండాది. ఒక్క దినం కూడా ఎరుపు రాలా. అంటే ఇంజను బాగుండాది, తోలేటోడే బాగలేడు. వచ్చీరాంగానే బండిని టపీమని ఆపేస్తాడు, టర్బో మాడిపోతాది. ఈపొద్దు వీణ్ణి పంపించేస్తాండా. మీరొక మాట చెప్తే సరిపోతాది" అన్నాడు శ్రీనివాసులు.

సాయిచంద్ మెల్లగా అన్నాడు. "సార్, బండి గుంజుతలేదని నెల సంది చెప్తున్న. ఎవ్వలూ వింటలేరు. నా పని పోతే ఇగ ఇంటికి పోయి ఏం జెప్పాలె?"

ప్రశాంత్‌కి ఇబ్బందిగా అనిపించింది. కానీ గ్రాఫు గ్రాఫే కదా. లాప్‌టాప్ తెరిచి చూపించాడు. పొగ వేడికి హద్దుగా ఎర్రగీత ఏడు వందల డిగ్రీల దగ్గరుంది. పచ్చగీత దానికి ఆమడ దూరంలో, బుద్ధిగా పోతోంది.

రామబ్రహ్మం గారు తెర వైపు కన్నెత్తి చూడలేదు. బండి ముందుభాగం ఎత్తించి, టార్చి వేసి లోపలంతా తీరిగ్గా చూశారు. పక్కకి వెళ్ళి ఇంటికి ఫోను చేసి ఏదో చెప్పారు. తిరిగొచ్చి ప్రశాంత్ భుజం మీద చెయ్యేశారు.

"బాబూ, సెన్సర్ ఎక్కడ పెట్టి చూశారు?"

"టర్బో దాటాక అండీ, పొగగొట్టం మీద. అక్కడైతే బిగించడం తేలిక."

"మరి ఏడు వందలన్న గీత ఎక్కడిది?"

"ఇంజను పుస్తకంలోది అండీ."

"పుస్తకం వాళ్ళు ఎక్కడ పెట్టి చూశారు?"

ప్రశాంత్ పుస్తకం తీశాడు. పేజీ అడుగున చిన్న అక్షరాలున్నాయి. చదివాడు, మళ్ళీ చదివాడు. అతని చెవులు ఎర్రబడ్డాయి.

"టర్బోకి ముందు అండీ."

"అదీ. పొగలోని వేడినీ, ఉరవడినీ తిని తిరిగేదే కదా టర్బో. అది తినగా మిగిలింది మీరు కొలుస్తున్నారు. అది ఎంగిలి వేడి బాబూ. వడ్డించిందెంతో విస్తరి ఎత్తేటప్పుడు చూస్తే ఏం తెలుస్తుంది?"

శ్రీనివాసులు గుర్రుమన్నాడు. "ఏమప్పా, అయితే నువ్వు తప్పు సోట పెట్టినావా?"

"తప్పు కాదండి" అని రామబ్రహ్మం గారే అడ్డుపడ్డారు. "ముందు పెడితే, ఆ సెన్సర్ మొన విరిగిన రోజున తిన్నగా టర్బోలో పడుతుంది. అందుకని వెనక పెట్టేవాళ్ళూ ఉన్నారు. అలా పెట్టినప్పుడు గీత కిందికి దించాలి. ఈ బాబు అదొక్కటే మరిచాడు."

ఇక పని మొదలైంది. సిలిండర్ల పొగంతా టర్బోలోకి పోయేముందు ఒకచోట కలిసే పోత ఇనుప గొట్టానికి చిల్లు వేసి, ప్రశాంత్ సంచిలో ఉన్న రెండో సెన్సర్ అక్కడ బిగించాలి.

"బండి మీదే పొడిసేయండి సామీ, పది నిమిషాల పని" అన్నాడు శ్రీనివాసులు.

"ఆ ఇనుప రజను లోపలికి పోతే మీ మూడో టర్బో కూడా గోవిందా అండి" అని, గొట్టం మొత్తం విప్పి బయటపెట్టాక గానీ ఆయన డ్రిల్లు ముట్టుకోలేదు.

ఒంటిగంటకి వీరలక్ష్మి గారు పెద్ద కారియర్‌తో దిగారు. నలుగురికి పులిహోర, నాలుగు విస్తళ్ళు. ఉన్న ఒక్క బల్ల మీద శ్రీనివాసులు, సాయిచంద్ పక్కపక్కనే కూర్చోవలసి వచ్చింది. మొదట ఎడమొహం పెడమొహం. సగం తిన్నాక, "గుంజకపోవడమంటే యాడ రా? ఎత్తులోనా?" అని శ్రీనివాసులు అడిగాడు. నెల రోజుల్లో మొదటిసారి అడిగాడు. సాయిచంద్ అన్నం వేళ్ళతోనే ఎత్తూ పల్లం గీసి చూపించాడు.

మూడింటికి మట్టి లోడుతో ఒక వెంచర్ లోపలి ఎత్తు ఎక్కించారు. బండి తోలింది సాయిచంద్, పక్కన లాప్‌టాప్‌తో ప్రశాంత్, అతన్ని నొక్కేస్తూ శ్రీనివాసులు. వెనక సెన్సర్ ఐదు వందల డెబ్భై అంది. ముందుది ఏడు వందల డెబ్భై దాటింది. తెర మీద ఎరుపు భగ్గుమంది. బండి ఆయాసపడుతుంటే ముగ్గురూ విన్నారు.

షెడ్డుకొచ్చాక రామబ్రహ్మం గారు, టర్బో నుంచి ఇంజనుకి గాలి తీసుకెళ్ళే రబ్బరు గొట్టం మడత విప్పి చూపించారు. అడుగున జానెడు చీలిక ఉంది. గాలి సగం అక్కడే పోతోంది. ఇంజను ఊపిరాడక కాగుతోంది, పోయిన గాలిని నింపలేక టర్బో విపరీతంగా తిరిగి మాడుతోంది. కొత్త గొట్టం వేయడానికి ఇరవై నిమిషాలు పట్టింది.

చేతులు కడుక్కుంటున్నప్పుడు ప్రశాంత్‌కి ఒక్కసారిగా తట్టింది. కారియర్ ఒంటిగంటకి వచ్చింది. ఫోను పొద్దున్నే, టార్చి వేసి చూడగానే వెళ్ళింది. నాలుగు విస్తళ్ళు.

"ఆ చీలిక మీరు పొద్దున్నే చూశారు కదండీ?"

రామబ్రహ్మం గారు సబ్బు నురగ వైపు చూస్తూ అన్నారు. "గొట్టం చుట్టూ నూనె తడి కనబడింది బాబూ, చీలితేనే అలా చెమ్మగిల్లుతుంది. అప్పుడే చెబితే గొట్టం బాగయ్యేది. శ్రీనివాసులు గారు ఇంకో వంక వెతికి అతన్ని పంపేసేవారు. మీరు రేపు ఇంకో బండికి అక్కడే బిగించి, అదే గీత గీసేవారు." తువ్వాలు అందుకుని, "మరి పులిహోర బాగుందా?" అని మాట మార్చేశారు. ప్రశాంత్‌కి ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టాలనిపించింది, గ్రీజు చూసి ఆగాడు.

బయట శ్రీనివాసులు బండి చుట్టూ రెండుసార్లు తిరిగాడు. తాళాలు తీసి సాయిచంద్ చేతిలో పెట్టాడు.

"రేపు ఆరింటికి రా. నాకు కోపం లేదులే."

"ఎక్కడ పెట్టి చూశారండి?" అన్నారు రామబ్రహ్మం గారు లోపల్నుంచి. "పులిహోర తిన్నాకా, తినకముందా?"

శ్రీనివాసులు కడుపు నిమురుకున్నాడు. "తిన్నాకే సామీ. ఇదీ ఎంగిలి లెక్కేనంటారా?"

"అయితే రేపు పొద్దున పరగడుపున ఇంకోసారి చూసుకోండి" అన్నారాయన.

మర్నాడు ఆరుంబావుకి రామబ్రహ్మం గారి ఫోను మోగింది. "చూసినా సామీ, పరగడుపునే" అన్నాడు శ్రీనివాసులు. "పచ్చగానే ఉండాది."