సోషల్ సారుకు నేనివ్వని సెలవు

మా సోషల్ సారు పోయారని బడి వాట్సాప్ గ్రూపులో చూశాను. పొద్దున్నే గుండె పట్టుకుని కూర్చున్నారట, ఆసుపత్రికి చేరేలోపే అయిపోయిందట. అప్పటినుంచి రెండు వారాలుగా నాకు కాలు ఒకచోట నిలవడం లేదు. కడిగిన గిన్నెలే మళ్లీ కడుగుతున్నాను. చెప్పులు వేసుకుని వీధి చివరిదాకా పోయి, ఎందుకు వచ్చానో తెలియక తిరిగి వస్తున్నాను. రిటైరైన హెడ్‌మిస్ట్రెస్‌కి ఇదేం చాదస్తమని మా ఆయన విసుక్కుంటున్నారు. కారణం ఉంది, చెబుతాను.

తిరుపతిలో మా బడిలో ఆయన చాలా ఏళ్లు సోషల్ చెప్పారు. సెలవుల్లో మద్రాసు బస్సెక్కి సినిమాల్లో, సీరియళ్లలో వేషాలు వేసి వచ్చేవారు. జడ్జి, పూజారి, పోస్ట్‌మ్యాన్, రెండుసార్లు శవం. క్లాసులోకి కూడా ఏదో ఒక వేషంలోనే అడుగుపెట్టేవారు. శిస్తు వసూలు చేసే దొరలా గుమ్మంలో నిలబడి, "ఏమప్పా, శిస్తు కట్టకుండా ఈడ కూసోనుండావే" అని గద్దించేవారు. వెనక బెంచీలో ఎవరో ఒకరు లేచి కరువు సంగతి చెప్పుకోవాలి. అదే పాఠం. ఆ గోల నా గదిదాకా వినిపించేది, నేను వెళ్లి అరిచేదాన్ని. ఆయన రాని రోజు మా బడి బడిలా ఉండేది కాదని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

ఒక సీరియల్‌లో తాసిల్దారుగా వేశాక, చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లు పాసుపుస్తకాలు పట్టుకుని మా గేటు ముందు కూర్చోవడం మొదలుపెట్టారు. "నేను టీవీలో తాసిల్దారునమ్మా, ఈడ అయివోరిని" అని ఎంత చెప్పినా వినరే. "నువ్వు సూస్తే సాలు సార్" అంటారు. చివరికి భోజనం గంటలో వరండాలో కూర్చుని వాళ్లకు అర్జీలు రాసిపెట్టేవారు. తెచ్చుకున్న క్యారియర్ అలాగే చల్లారిపోయేది.

నేను దెప్పేదాన్ని, ఎన్నాళ్లు సార్ ఈ చిల్లర వేషాలు అని. ఆయన నవ్వి, "సినిమాలో నా మొగం రెండు నిమిషాలు మేడం, ఈడ నలభై నిమిషాలు. యాడ పెద్ద వేషమో మీరే సెప్పండి" అనేవారు. ఆ మాట నేను నమ్మాను. నమ్మడం నాకు వీలుగా ఉండింది కూడా.

నాలుగేళ్ల కిందట, పదో తరగతి పరీక్షలకు మూడు వారాల ముందు, పది రోజులు సెలవు అడిగారు. సినిమా అంతా కనిపించే తండ్రి వేషమట, మొదటిసారి. "చూద్దాం సార్" అన్నాను. నేను చూద్దామంటే ఇచ్చినట్టేనని మా స్టాఫ్ లెక్క. ఆయన మొహం వెలిగిపోయింది. తీరా ఆదివారం సాయంత్రం ఫోన్లో ఒక్క ముక్క పంపాను, సెలవు కుదరదని. "సరే మేడం" అని జవాబొచ్చింది. వేషం ఇంకెవరికో పోయింది. మళ్లీ ఆయన ఆ ఊసెత్తలేదు, నేనూ అడగలేదు. పిల్లలందరూ పాసయ్యారు కదా అని సర్దిచెప్పుకున్నాను. నామీద ఆయన మనసులో ఏముండిందో నాకు తెలియకుండానే పోయారు. నన్ను కుదురుగా కూర్చోనివ్వనిది అదే.

కర్మ అయిపోయాక, నిన్న వాళ్లింటికి వెళ్లాను. ఆయన భార్య కాఫీ ఇచ్చారు. ఇక దాచుకోలేక, "ఆ సెలవు నేనే ఇవ్వలేదమ్మా" అనేశాను.

"తెలుసు మేడం. పిలకాయల పరీక్షలని నేనే వద్దనుకుంటి అని మాకు సెప్పినాడు. ఇంట్లో ఆయనకు నటించేది రాదు." నా చేతిలోని ఖాళీ గ్లాసు అందుకుంటూ మళ్లీ అన్నారు. "ఆ వేషానికి గుండుతోనే రమ్మనుండారు. ఆదివారం పొద్దున్నే మంగలంగడికి పోయి కొట్టిచ్చుకోనొచ్చినాడు. సాయంత్రం మీ మెసేజి వచ్చె."

సోమవారం ఆయన గుండుతో బడికి రావడం నాకు గుర్తుంది. తిరుపతిలో గుండు చూస్తే ఎవరైనా ఏమనుకుంటారు? "కొండకు పోయొచ్చినారా సార్, ప్రసాదమేది?" అని స్టాఫ్‌రూంలో అందరి ముందూ అడిగాను. "రేపు తెస్తా మేడం" అన్నారు.

ఈ సంగతి ఆమెకు చెప్పాను.

"ఆ పొద్దు బడి వదలంగానే కొండ బస్సెక్కినాడు" అన్నారామె. "మీ లడ్డు కోసరమే."

మరునాడు ఆయన గుండుకు గంధం పూసుకుని వచ్చారు. లడ్డు విరిచి, జీడిపప్పున్న ముక్క ఏరి మొదట నాకే పెట్టారు. కళ్లకద్దుకుని తిన్నాను. ఇంకొంచెం పెట్టండి సార్ అని మళ్లీ చెయ్యి చాపాను కూడా.