మేడ మీద మగ్గం

నా చిన్నప్పుడు సిరిసిల్ల బజారులో అంత ఎత్తు కట్టడం ఇంకొకటి లేదు. మూడంతస్తుల మేడ. తంగళ్ళపల్లి నుంచి నడిచి వచ్చేవాళ్లకు ఊరికన్నా ముందు అదే కనిపించేది. కింది అంతస్తులో మట్టి నేల, ఆ నేలలో వరుసగా గుంట మగ్గాలు. గుంటలో కాళ్లు దించి కూర్చొని, తొక్కుడు కర్రలు తొక్కుతూ నేసేవారు. వాకిలి పక్క మగ్గం మా తాతది. ఆయన బతుకు ఇంట్లో కన్నా ఆ గుంటలోనే ఎక్కువ గడిచింది. నాకేమో ఆ మేడ మెట్లెక్కాలని ఒకటే ఆశ. పైన ఆ మేడ యజమాని సేటు కుటుంబం ఉండేది, మమ్మల్ని ఎక్కనిచ్చేవారు కాదు.

ఒక పొద్దున తాత నన్ను పిలిచాడు.

"బిడ్డా, మన మగ్గం మూడో అంతస్తుకు పోతాంది. గుంట పూడ్వాలె, తట్ట పట్టు."

"నిజంగనా తాతా? నన్ను గూడ ఎక్కనిస్తరా?"

"నువ్వెక్కకపోతే నాకు నూలు కండెలెవరు అందిస్తరే? పైన మంచిగుంటది. గాలి అస్తది."

గంతులేస్తూ మట్టి మోశాను. పక్క మగ్గం మామ ఏదో చెప్పబోతే తాత కళ్లతోనే ఆపాడు. గుంట నిండాక "గట్టిగ తొక్కు బిడ్డా" అన్నాడు. చదునయ్యేదాకా ఎగిరెగిరి తొక్కాను. తాత గోడకేసి చూస్తూ నిలబడ్డాడు.

మర్నాడు ఎడ్లబండ్ల మీద సాంచాలు వచ్చాయి, కరెంటుతో నడిచే మగ్గాలు. నేను ఎవరి కంటా పడకుండా మెట్లెక్కి పైదాకా ఉరికాను. అక్కడ సేటు వాళ్ల మిరపకాయలు ఎండుతున్నాయి. ఇంటికి ఉరికి చూస్తే, మా మగ్గం పొయ్యి పక్కన కట్టెలై పడి ఉంది. నేత ఇంట్లో పుట్టిన పిల్లను. మేడ మీద గుంట ఎట్లా తవ్వుతారని ఒక్క మాట అడగలేదు నేను. తాత మళ్లీ నేయలేదు. అరుగు మీద కూర్చున్నా ఆయన కాళ్లు మాత్రం తొక్కుతూనే ఉండేవి. నా చేత ఎందుకు పూడ్పించాడని చాలా ఏళ్లు ఆయన మీద కోపం ఉండేది.

సాంచాలు నడిచినన్నాళ్లు ఆ మేడ అదిరేది. అవీ పోయాక పెళ్లిళ్ల హాలైంది, తర్వాత కాలేజీ అయింది, ఇప్పుడు బట్టల షోరూం. మా మనవరాలు అందులోనే, వాకిలి పక్క కౌంటర్లో చీరలు చూపిస్తుంది. దాని కాళ్ల కింద బండల అడుగున ఏముందో నేనెప్పుడూ చెప్పలేదు.

నిన్న సాయంత్రం నవ్వుకుంటూ వచ్చింది.

"అమ్మమ్మా, గా మేడ కూలగొట్టి ఆరంతస్తులు కడ్తరట! మా అందరికీ పైన కొలువిస్తనన్నడు మా షోరూం సేటు. పొద్దటిసంది చీరలన్నీ మేమే మూటలు గట్టినం."

కాగితం ఏమన్నా రాసిచ్చిండా అని అడగబోయాను. దాని ముఖం చూడలేక గోడకేసి తిరిగాను. తాత ఆ రోజు గోడకేసి ఎందుకు చూశాడో అప్పుడు తెలిసింది. ఆయన దగ్గర నేను నేర్చుకున్నది, నా దగ్గర ఇంకా మిగిలింది ఆ ఒక్క మాటే.

"మంచిదే బిడ్డా," అన్నాను. "పైన గాలి అస్తది."